ఫోన్ కలవని రోజు కూడా నడిచే టీమ్: సాఫ్ట్‌వేర్ లీడ్‌ల కోసం సమగ్ర మార్గదర్శి

కొన్నేళ్ల కిందట మా మేనమామ కూతురి పెళ్లికి పలాస దగ్గర ఒక పల్లెకి వెళ్లాను. శుక్రవారం సాయంత్రం వైజాగ్‌లో రైలెక్కి, ఆదివారం రాత్రికి తిరిగొచ్చేయాలని ప్లాన్. ఆ ఊళ్లో సిగ్నల్ లేదు. ఆదివారం తిరుగు ప్రయాణంలో విజయనగరం దగ్గర పడేసరికి ఫోన్‌లో మెసేజీలు వరసపెట్టి కురిశాయి. శనివారం పొద్దున్న కస్టమర్లకి వెళ్లాల్సిన రిలీజ్, అంటే మా సాఫ్ట్‌వేర్ కొత్త వెర్షన్, ఆగిపోయింది. ఎందుకంటే, ఒక స్క్రీన్‌లో ఎర్రర్ మెసేజ్ రెండు చోట్ల రెండు రకాలుగా రాసి ఉంది. ఏది ఉంచాలో సార్‌ని, అంటే టీమ్ లీడ్‌నైన నన్ను, అడగాలి, సార్ దొరకట్లేదు. ఆరుగురు ఇంజనీర్లు, అందులో ఇద్దరికి ఆ కోడ్ నాకంటే బాగా తెలుసు. ఒక్క వాక్యం కోసం రోజున్నర ఎదురుచూశారు.

సోమవారం రిషికొండ ఐటీ హిల్ మీద ఆఫీసుకి వెళ్లి అడిగితే అందరిదీ ఒకటే జవాబు: "మిమ్మల్ని అడక్కుండా ఎలా పెట్టీమంటారు సార్?" ముందు కోపం వచ్చింది. కిందికెళ్లి టీ తాగి వచ్చేసరికి అసలు సంగతి గుర్తొచ్చింది. అంతకు మూణ్నెల్ల ముందు ఒక కుర్రాడు తనంతట తాను ఒక బటన్ పేరు మారిస్తే, అందరి ముందూ "ఎవర్ని అడిగి మార్చావ్?" అన్నాను. అన్నానన్న సంగతి కూడా నేను మర్చిపోయాను. వాళ్లు మర్చిపోలేదు.

ఆ తర్వాత ఒక్కొక్కటిగా చేసుకుంటూ వచ్చిన పనులు ఇవి. ఐదు నుంచి తొమ్మిది మంది ఉన్న టీమ్‌ని నడిపేవాళ్లకి పనికొస్తాయి. వరస ముఖ్యం, మొదటి రెండు అడుగులు వదిలేసి తిన్నగా కోచింగ్‌లోకి (జవాబు చెప్పేయకుండా, ప్రశ్నలతో వాళ్లే తేల్చుకునేలా చేయడం) దిగితే ఫలితం ఉండదు.

మొదటి అడుగు: మీ దగ్గరికొచ్చే ప్రశ్నలు రాసుకోండి

రెండు వారాలపాటు ఒక నోట్‌బుక్ పక్కన పెట్టుకోండి. ఎవరికీ చెప్పొద్దు, చెప్తే ప్రశ్నలు తగ్గిపోతాయి. టీమ్‌లో ఎవరు ఏది అడిగినా, చాట్‌లో అడిగినా కుర్చీ దగ్గరికొచ్చి అడిగినా, ఒక లైను రాయండి: ఏం అడిగారు, అది వాళ్లే తేల్చుకోగలిగేదా, మరి ఎందుకు అడిగారు.

మూడోది రాయడమే కష్టం. నా నోట్‌బుక్‌లో కారణాలు నాలుగు రకాలుగా తేలాయి. కొందరికి సమాచారం లేదు: క్లయింట్‌కి ఈ నెల వేగం ముఖ్యమా, ఖర్చు ముఖ్యమా అన్నది నాకు తెలుసు, వాళ్లకి తెలీదు. కొందరికి అధికారం ఉందో లేదో తెలీదు. కొందరికి తెలుసు గానీ భయం. కొందరికి నిజంగానే పని రాదు. నాలుగు జబ్బులకీ నాలుగు వేర్వేరు మందులు. సమాచారం లేనివాళ్లకి ధైర్యం చెప్పి లాభం లేదు. భయపడుతున్నవాళ్లని ట్రైనింగ్‌కి పంపితే ఇంకా ముడుచుకుపోతారు.

అడగనివాళ్లని కూడా గమనించండి. స్టాండప్‌లో (రోజూ జరిగే చిన్న టీమ్ మీటింగ్) మూడు రోజులు వరసగా "అదే పని మీద ఉన్నాను సార్" అన్నారంటే, చాలాసార్లు ఎక్కడో ఆగిపోయి, అడగడానికి మొహమాటపడుతున్నారని అర్థం.

అన్నట్టు, "సార్ అనొద్దు, పేరు పెట్టి పిలవండి" అని రూల్ పెట్టే లీడ్‌లు ఉంటారు. నేనూ పెట్టాను. వారం రోజులు ఇబ్బందిపడి, కొందరు "అన్నా" దగ్గర ఆగారు, కొందరు మళ్లీ "సార్" దగ్గరికే వచ్చారు. దానివల్ల మారిందేమీ లేదు. "మీరన్నది తప్పు సార్" అని చెప్పగలిగితే చాలు, ఆ చివరి మాటతో మనకి పనిలేదు.

రెండో అడుగు: గీత గీయండి, కాగితం మీదే గీయండి

వైజాగ్‌లో కాస్త వయసున్న ఎవరినడిగినా 2014 అక్టోబర్ 12 చెప్తారు. హుద్‌హుద్ కొట్టిన రోజు. కరెంటు పోయింది, సెల్ టవర్లు పోయాయి, రోజుల తరబడి ఎవరు ఎక్కడున్నారో తెలీలేదు. మా టీమ్‌లో సగం మంది అప్పటికి స్కూల్లో ఉన్నారు, అయినా అందరికీ గుర్తే. ఒక మధ్యాహ్నం వాళ్లని కూర్చోబెట్టి అడిగాను: "రేపు మళ్లీ అలాంటిది వచ్చి నేను మూడు రోజులు దొరకనంటే, ఏయే నిర్ణయాలు మీరే తీసుకుంటారు? ఏవి ఆపేస్తారు?"

వచ్చిన జవాబులన్నీ బోర్డు మీద మూడు గళ్లలో రాశాం.

మొదటి గడి, టీమే తేల్చుకునేవి: కోడ్ ఎలా రాయాలి, ఏ లైబ్రరీ (ఇతరులు రాసిపెట్టిన రెడీమేడ్ కోడ్) వాడాలి, పాత కోడ్ ఎప్పుడు శుభ్రం చేయాలి, స్క్రీన్ మీద మాటలు, రిలీజ్ టైమ్, రోల్‌బ్యాక్ (పంపిన మార్పుని వెనక్కి తీసేయడం). రోల్‌బ్యాక్ చేయడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు అన్నది మాత్రం పెద్దక్షరాలతో రాయండి. అనుమానం వస్తే చాలు, వెనక్కి తీసేయొచ్చు.

రెండో గడి, చెప్పి చేసేవి: డేటాబేస్ టేబుళ్లలో మార్పు, వేరే టీమ్ వాడుతున్న ఏపీఐలో (వాళ్ల ప్రోగ్రామ్ మన ప్రోగ్రామ్‌తో మాట్లాడే దారి) మార్పు, నెల క్లౌడ్ బిల్లుని (అద్దె సర్వర్ల ఖర్చు) పెంచే పని. ఇక్కడొక చిన్న రూల్ మొత్తం కథని మార్చేసింది. ఏం చేయబోతున్నారో నాలుగు లైన్లు రాసి పంపాలి. మర్నాడు సాయంత్రంలోగా నా నుంచి జవాబు రాకపోతే ఒప్పుకున్నట్టే. నేను బద్ధకిస్తే ఆ నష్టం నాదే, వాళ్ల రిలీజ్‌ది కాదు.

మూడో గడి, నన్ను అడగకుండా ముట్టుకోకూడనివి: కస్టమర్ల వ్యక్తిగత డేటా బయటికి పంపడం, ప్రొడక్షన్‌లో (కస్టమర్లు వాడుతున్న అసలు సిస్టమ్) డేటా చెరిపేయడం, డబ్బు లెక్కల తర్కం, కొత్త కంపెనీతో ఒప్పందం. ఇది చిన్నగా ఉండాలి. మా మొదటి జాబితాలో పద్దెనిమిది ఉన్నాయి. వాటిలో చాలావాటికి నా దగ్గర ఉన్న కారణం "ఎప్పుడూ నేనే చూస్తాను కదా" అన్నదే.

ఏది ఏ గడిలోకి వెళ్లాలో తేలకపోతే ఒకటే ప్రశ్న వేసుకోండి: తప్పయితే వెనక్కి తిప్పుకోగలమా? అమెజాన్ వాటాదారులకి జెఫ్ బెజోస్ రాసిన 2015 సంవత్సరపు ఉత్తరంలో ఈ తేడానే తలుపులతో పోల్చారు: కొన్ని తలుపులు రెండు వైపులా తెరుచుకుంటాయి, కొన్ని ఒక వైపే. మొదటి రకం నిర్ణయాలకి కూడా రెండో రకానికి చేసినంత తతంగం చేయడం వల్లే పని నత్తనడక నడుస్తుంది.

మన ఫిషింగ్ హార్బర్‌లో ఇది కొత్త సంగతేమీ కాదు. బోటు యజమాని గట్టు మీద ఉంటాడు. డీజిల్ ఎంత, ఐస్ ఎంత, వాటాలు ఎలా అన్నది బయల్దేరే ముందే మాట్లాడుకుంటారు. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు వేట నిషేధం, అందులో బేరమే లేదు. బోటు ఒకసారి లోతుకి వెళ్లాక వల ఎక్కడ వేయాలో సరంగు (బోటు నడిపేవాడు) చూసుకుంటాడు. గట్టు మీద నిలబడి ఆ మాట చెప్పగలిగేవాడు ఎవడూ లేడు.

మూడో అడుగు: పని మొత్తం ఒకే టీమ్ చేతిలో పెట్టండి

గీత ఎంత బాగా గీసినా, ప్రతి రిలీజ్‌కీ ఇంకో టీమ్ సంతకం కావాలంటే ఆ స్వేచ్ఛ కాగితం మీదే మిగిలిపోతుంది. ఒకప్పుడు మా టెస్టింగ్ వాళ్లు వేరే మేనేజర్ కింద, డేటాబేస్ వాళ్లు ఇంకో ఊళ్లో ఉండేవాళ్లు. డేటాబేస్‌లో ఒక కాలమ్ చేర్చాలంటే మూడు టికెట్లు (పని కోరుతూ రాసే అర్జీలు), మూడు క్యూలు. మెల్విన్ కాన్వే అనే ప్రోగ్రామర్ 1968లోనే చెప్పాడు: ఒక సంస్థలో మనుషుల మధ్య మాటలు ఎలా నడుస్తాయో, ఆ సంస్థ కట్టే సిస్టమ్ ఆకారం కూడా అలాగే వస్తుంది. మా కోడ్ చూస్తే మా ఆర్గ్ చార్ట్ గీసేయొచ్చు.

ఈ ఆలోచన సాఫ్ట్‌వేర్‌లో పుట్టింది కూడా కాదు. 1953లో అహ్మదాబాద్ కాలికో మిల్లులో, లండన్‌లోని టావిస్టాక్ పరిశోధన సంస్థ నుంచి వచ్చిన ఏ.కె. రైస్ నేత షెడ్డులో ఒక ప్రయోగం చేశాడు. అప్పటిదాకా ఒక్కో కార్మికుడు ఒక్కో తునక పని చేసేవాడు. దాన్ని మార్చి, కొన్ని మగ్గాలని మొత్తంగా ఒక చిన్న జట్టుకి అప్పగించారు. లోపల పని ఎలా పంచుకోవాలో వాళ్లిష్టం. ఉత్పత్తి పెరిగింది, పాడైపోయే బట్ట తగ్గింది. మనం స్క్వాడ్ అని ఇంకోటని పేర్లు పెట్టుకుంటున్నది ఇంచుమించు అదే.

సైజు సంగతి లెక్క వేసుకుంటే తెలుస్తుంది. ఐదుగురు ఉంటే ఇద్దరిద్దరి మధ్య మాట్లాడుకోవాల్సిన దారులు 10. ఎనిమిది మందైతే 28. పన్నెండు మందైతే 66. ఎనిమిది దాటితే విడగొట్టడం గురించి ఆలోచించండి. విడగొట్టేటప్పుడు ఫ్రంటెండ్ (కనిపించే స్క్రీన్లు), బ్యాకెండ్ (వెనక సర్వర్ పని) అని అడ్డంగా కోయకండి. చెల్లింపులు, డెలివరీ అంటూ పని ప్రకారం నిలువుగా కోయండి. ఆన్‌కాల్ (వేళ కాని వేళ సమస్య వస్తే చూసుకునే డ్యూటీ) కూడా ఆ టీమ్‌దే. రాత్రి రెండింటికి ఫోన్ ఎవరికి మోగుతుందో, కోడ్ మీద శ్రద్ధ వాళ్లకే ఉంటుంది.

నాలుగో అడుగు: చేయాల్సిన పనికి బదులు తీరాల్సిన ఇబ్బందిని ఇవ్వండి

"చెల్లింపు పేజీలో మళ్లీ ప్రయత్నించండి అనే బటన్ పెట్టండి" అని టికెట్ రాస్తే బటన్ వస్తుంది. అదే ఇలా రాయండి: "యూపీఐలో డబ్బు కట్ అయ్యాక మన పేజీ ఆగిపోతోంది, కస్టమర్ భయపడి రెండోసారి కడుతున్నాడు. ఈ రెండోసారి చెల్లింపులు ఆగాలి. ఈ నెలాఖరుకి ఎన్ని తగ్గాయో చూద్దాం." మా టీమ్‌కి అలా ఇచ్చినప్పుడు వాళ్లు బటన్ జోలికే పోలేదు. ఒకే ఆర్డర్‌కి రెండో చెల్లింపు మొదలవకుండా సర్వర్ వైపే అడ్డం కట్టి, పేజీలో "మీ డబ్బు ఎక్కడికీ పోలేదు, బ్యాంకు నుంచి సమాచారం కోసం చూస్తున్నాం" అని రాశారు. నేను టికెట్‌లో బటన్ అని రాసి ఉంటే ఆ బటనే రెండోసారి చెల్లింపులు పెంచేది.

ఐదో అడుగు: పడినా దెబ్బ తగలకుండా ఏర్పాటు

స్వేచ్ఛ ఇచ్చాక లీడ్‌కి నిద్ర పట్టాలంటే మనుషుల మీద నమ్మకం ఒక్కటే సరిపోదు, కింద వల కూడా ఉండాలి. రిలీజ్‌లు చిన్నవిగా, తరచుగా వెళ్లాలి. కొత్త ఫీచర్ ఫ్లాగ్ (ఎప్పుడు కావాలంటే అప్పుడు ఆన్, ఆఫ్ చేసుకునే స్విచ్) వెనక ఉండాలి, ముందు కొద్దిమందికే తెరవాలి. రోల్‌బ్యాక్‌ని నెలకోసారి ఉత్తినే ప్రాక్టీస్ చేయండి, అదీ టీమ్‌లో అందరికన్నా కొత్తగా చేరినవాళ్ల చేత. వాళ్లు చేయలేకపోతే తప్పు వాళ్లది కాదు, మీ డాక్యుమెంట్‌ది.

గూగుల్‌లో మొదలైన ఎర్రర్ బడ్జెట్ అనే పద్ధతి ఇక్కడ బాగా పనికొస్తుంది. సర్వీసు 99.9 శాతం అందుబాటులో ఉండాలని ఒప్పుకుంటే, 30 రోజుల నెలలో 43 నిమిషాల దాకా ఆగినా ఫర్వాలేదన్నమాట. ఆ 43 నిమిషాలు టీమ్ సొంత ఖాతా. ఖాతాలో నిమిషాలున్నంత కాలం ఎంత వేగంగా పోవాలో వాళ్లిష్టం. అయిపోతే కొత్త ఫీచర్లు ఆపి స్థిరత్వం పని చేయాలి. "ఇంక చాలు, ఆపండి" అని నేను అరవక్కర్లేదు, లెక్కే చెప్తుంది.

ఆరో అడుగు: కోచింగ్, అంటే ముఖ్యంగా నోరు అదుపులో పెట్టుకోవడం

ఇక్కడ కాస్త ఎక్కువ సేపు ఆగుదాం, అందరం తప్పేది ఇక్కడే కాబట్టి.

మా టీమ్‌లో రెండేళ్ల అనుభవం ఉన్న అమ్మాయి ఒకరోజు వచ్చింది. "అన్నా, ఆర్డర్ల పేజీ స్లోగా ఉంది. ఇండెక్స్ పెట్టమంటారా, క్యాష్ పెట్టమంటారా?"

ఇండెక్స్ అంటే డేటాబేస్‌లో వెతుకులాటని తేలిక చేసే సూచిక, క్యాష్ అంటే ఒకసారి తెచ్చిన జవాబుని దాచి మళ్లీ వాడటం. నా బుర్రలో జవాబు అప్పటికే తయారు: ఇండెక్స్. నాలుక చివరిదాకా వచ్చింది. ఆపుకుని అడిగాను, "ఎంత స్లో?"

"బాగా స్లో."

"బాగా అంటే?"

"కొలవలేదన్నా."

"కొలిచి చూద్దామా?"

తన ల్యాప్‌టాప్‌లోనే ఆ క్వెరీకి (డేటాబేస్‌ని అడిగే ప్రశ్న) ఎక్స్‌ప్లెయిన్ కొట్టింది, డేటాబేస్ జవాబు ఎలా వెతుకుతోందో చూపించే ఆదేశం అది. టేబుల్ మొత్తం చదువుతోంది. "కస్టమర్ ఐడీ మీద ఇండెక్స్ ఇప్పటికే ఉందన్నా," అంది. అంటే నా జవాబు అక్కడికక్కడే తప్పు. నేనేమీ అనలేదు. ఒక నిమిషం దాకా ఏసీ శబ్దమే. ఆ నిమిషం ఎంత పొడుగ్గా ఉంటుందో కూర్చుంటే గానీ తెలీదు.

"ఉన్నాక ఎందుకు వాడట్లేదు?" ఈసారి ప్రశ్న నన్ను కాదు, తనని తనే అడుక్కుంది. టేబుల్ నిర్మాణం తెరిచింది. ఐడీ అక్కడ అక్షరాల రూపంలో ఉంది, మా కోడ్ అంకెగా పంపిస్తోంది. అలా పోలిస్తే మా డేటాబేస్ మైఎస్‌క్యూఎల్ ఆ ఇండెక్స్‌ని వాడుకోలేదు. కోడ్‌లో ఒక లైను మార్చింది. ఇండెక్సూ అక్కర్లేదు, క్యాషూ అక్కర్లేదు.

మొత్తం ఇరవై నిమిషాలు పట్టింది. నేను చెప్పి ఉంటే రెండు నిమిషాల్లో తప్పు జవాబుతో వెళ్లిపోయేది. ఆ తర్వాత స్లో క్వెరీలతో నా దగ్గరికి రాలేదు. మిగతావాళ్లే తన దగ్గరికి వెళ్తున్నారు.

ఇలాంటి సంభాషణకి ఒక చట్రం కావాలంటే, జాన్ విట్‌మోర్ ప్రచారంలోకి తెచ్చిన గ్రో పద్ధతి ఉంది. నాలుగు ప్రశ్నలు: ఏం సాధించాలి? ఇప్పుడు పరిస్థితి ఏంటి? ఏయే దారులున్నాయి? ఏది చేస్తావు, ఎప్పటికి? మనవాళ్లు ఎక్కువగా రెండో ప్రశ్న దూకేసి మూడోదానికి వచ్చేస్తారు, పై అమ్మాయిలాగే. అక్కడికి వెనక్కి తీసుకెళ్లడమే సగం కోచింగ్.

రెండు హెచ్చరికలు. ప్రొడక్షన్ తగలబడుతున్నప్పుడు కోచింగ్ చేయకండి; తెలిసింది చెప్పేయండి, పాఠాలు తర్వాత. ఇక అసలు తెలియని మనిషిని ప్రశ్నలతో వేధించకండి. డాకర్ అనే టూల్ ఎప్పుడూ చూడని ఫ్రెషర్‌ని "నీకేమనిపిస్తోంది?" అనడం కోచింగ్ కాదు, ర్యాగింగ్. పక్కన కూర్చుని నేర్పండి.

వారానికి ఒక్కొక్కరితో అరగంట విడిగా మాట్లాడండి. పని ఎంతవరకు వచ్చిందన్నది ఆ అరగంటలో వద్దు, దానికి స్టాండప్ ఉంది. గదిలో ఎదురెదురుగా కూర్చుంటే ఇంటర్వ్యూలా ఉంటుంది. మేం కొండ దిగువన టీ కొట్టు దాకా నడుస్తాం. ఎక్కేటప్పుడు ఆయాసం వల్ల నేను తక్కువ మాట్లాడతాను, అది కూడా మంచిదే.

ఏడో అడుగు: తప్పు జరిగిన రోజు

మీరు గీసిన గీత నిజమో కాదో ఆ రోజే తేలుతుంది. ఒకసారి మావాళ్లు ఫ్లాగ్ లేకుండా ఒక డిస్కౌంట్ మార్పు పంపారు. దాదాపు నలభై నిమిషాలు బిల్లులు తప్పుగా వెళ్లాయి. మీటింగ్‌లో మన నోటికి మొదట వచ్చే మాట "ఎవడు చేశాడు?" దాన్ని మింగేయండి. "ఇది ఇంతదూరం ఎలా రాగలిగింది?" అని మొదలుపెట్టండి. మా విషయంలో తేలిందేంటంటే, డిస్కౌంట్ విలువలు కోడ్‌లో కాకుండా కాన్ఫిగ్ (సెట్టింగుల) ఫైల్లో ఉండేవి, కాన్ఫిగ్ మార్పులకి రివ్యూ లేదు, టెస్టులు లేవు. మార్చిన మనిషి ఆ రోజు కాకపోతే ఇంకో రోజు ఇంకొకరు. క్లయింట్‌కి రాసిన మెయిల్‌లో ఎవరి పేరూ లేదు, "మా టీమ్ వల్ల జరిగింది" అని నా సంతకంతో వెళ్లింది.

తప్పు ఒప్పుకున్నా పరువు పోదన్న భరోసా ఉన్న టీమ్‌లే బాగా నేర్చుకుంటాయని హార్వర్డ్ పరిశోధకురాలు ఎమీ ఎడ్మండ్‌సన్ 1999లో పరిశోధన వ్యాసంగా రాశారు. గూగుల్ తన సొంత టీమ్‌లని పరిశీలించుకున్నప్పుడూ మొదటి స్థానంలో తేలింది ఇదే. కానీ భరోసా అని పోస్టర్ అంటిస్తే రాదు. మొదట లీడ్ తన తప్పు చెప్పాలి. బటన్ పేరు మార్చిన ఆ కుర్రాడికి నేను అందరి ముందూ అన్నాను కాబట్టి, అందరి ముందే సారీ చెప్పాను. వాడు నాకంటే ఎక్కువ ఇబ్బందిపడ్డాడు. అయినా ఆ వారం నుంచే ప్రశ్నల్లో తేడా కనిపించింది: "ఏటి చేద్దాం సార్?" పోయి, "ఇలా చేస్తున్నాం సార్, ఏమైనా చూసుకోవాలా?" వచ్చింది.

ఎనిమిదో అడుగు: పైవాళ్లకీ టీమ్‌కీ మధ్య మీరే గోడ కాకుండా చూసుకోవడం

క్లయింట్లు ఉండే అమెరికా పశ్చిమ తీరం మనకంటే వేసవిలో పన్నెండున్నర గంటలు, చలికాలంలో పదమూడున్నర గంటలు వెనక. అందుకని రాత్రి కాల్స్‌కి లీడ్ ఒక్కడే వెళ్తాడు, సమాచారమంతా వాడి దగ్గరే పోగవుతుంది. మొదటి అడుగులో చూసిన సమాచారం లేకపోవడమనే జబ్బుకి మూలం ఇక్కడుంది. కాల్స్‌ని టీమ్‌లో వంతులు వేయండి. గాజువాక నుంచి వచ్చేవాళ్లని రాత్రిపూట ఆఫీసులో కూర్చోబెట్టొద్దు, ఇంటినుంచే చేరతారు. మొదటి రెండు కాల్స్‌లో మీరూ ఉండండి, మ్యూట్‌లో. క్లయింట్ మిమ్మల్ని పేరు పెట్టి అడిగినా "దీని సంగతి ఆమెకే బాగా తెలుసు" అని వదిలేయండి. వారానికో పేజీ రిపోర్ట్ టీమే రాస్తుంది. అది సమయానికి వెళ్తున్నంత కాలం పైనుంచి రోజువారీ ప్రశ్నలు వాటంతట అవే తగ్గుతాయి.

తొమ్మిదో అడుగు: అవసరమైతే వెనక్కి తీసుకోవడం

ఇచ్చిన అధికారం ఒక్కోసారి తీసుకోవాల్సి వస్తుంది. రెండు నెలలు వరసగా క్లౌడ్ బిల్లు అనుకున్నదానికంటే బాగా పెరిగింది; టెస్టింగ్ కోసం తెరిచిన సర్వర్లు మూయడం మర్చిపోయారు. కొత్త సర్వర్ల నిర్ణయాన్ని రెండో గడి నుంచి మూడో గడికి మార్చాను. ఎందుకో చెప్పాను, ఆరు వారాలకే అన్నాను, ఏం చేస్తే తిరిగొస్తుందో కూడా చెప్పాను: ప్రతి సర్వర్‌కీ యజమాని పేరు, ముగింపు తేదీ ఉండాలి. వాళ్లు నాలుగు వారాల్లో రాత్రి పదింటికి టెస్ట్ సర్వర్లన్నీ వాటంతట అవే ఆగిపోయే స్క్రిప్ట్ రాశారు. అయిదో వారం నిర్ణయం వాళ్లకి తిరిగిచ్చేశాను. మాట చెప్పకుండా మెల్లగా ప్రతి పీఆర్‌లోకీ (రివ్యూకి పెట్టిన కోడ్ మార్పు) తలదూర్చి లాక్కోవడం మాత్రం చేయకండి. అలా ఒకసారి చేస్తే గళ్ల కాగితాన్ని ఇంకెవరూ నమ్మరు.

పరిస్థితి ఎలా ఉందో చూడటానికి, సాఫ్ట్‌వేర్ టీమ్‌ల పనితీరుని అధ్యయనం చేసే డోరా బృందం పద్ధతిలో నాలుగు కొలతలు చాలు: ఎంత తరచుగా రిలీజ్ చేస్తున్నారు, మార్పు రాసినప్పటి నుంచి ప్రొడక్షన్‌కి చేరడానికి ఎంతసేపు, ఎన్ని రిలీజ్‌లు బెడిసికొడుతున్నాయి, బెడిసికొడితే ఎంతసేపట్లో కోలుకుంటున్నారు. ఇవి టీమ్ కోసం; మనుషుల్ని పోల్చడానికి, అప్రైజల్‌కి వాడిన మరుక్షణం అంకెలు అందంగా తయారవుతాయి, పని కాదు.

మూడు గళ్ల కాగితాన్ని మూడు నెలలకోసారి అందరం కలిసి మళ్లీ చూస్తాం. మొదటిసారి పద్దెనిమిది ఉన్న మూడో గడిలో ఇప్పుడు నాలుగు మిగిలాయి. పోయినసారి వాళ్లు ఐదోదాని మీద పడ్డారు: కొత్తవాళ్లని తీసుకునేటప్పుడు చివరి మాట టీమ్‌దే ఉండాలి, నాకు చెప్తే చాలు అని. గంటన్నర వాదించాను, ఓడిపోయాను, రెండో గడిలోకి మార్చాం. నాకింకా పూర్తిగా నచ్చలేదు. వచ్చే సమీక్షలో మళ్లీ అడుగుతాను.